నాలుగు వేళ్ళ మడత

ఫిబ్రవరి 11

చిట్టికి, వదిన దీవెనలు.

ముందు ఎక్కడైనా కూర్చో. కూర్చున్నాకే తర్వాతి మాట చదువు. మీ అన్నయ్యని పట్టుకెళ్ళారు.

పోయిన వారం నువ్వు ఫోన్ చేసినప్పుడు అందరం కులాసాగా ఉన్నామన్నాను. అబద్ధమాడాను, దేవుడు క్షమించాలి. అప్పటికే ఆయన ఇంట్లో లేరు. ఈ మధ్య ఫోన్లో మన మాటలతో పాటు ఎవరిదో ఊపిరి కూడా వినిపిస్తోంది. పోస్టులో వేసినవి మనకంటే ముందు వేరేవాళ్ళు చదువుతున్నారు. అందుకని ఈ ఉత్తరం ఓడ వంటాయన చేతికిస్తున్నాను. ఆయన సరుకు ఓడ మీ రేవుకి ఎప్పుడు చేరితే అప్పుడే నీకు అందుతుంది. జవాబు కూడా ఆయన చేతికే ఇవ్వు.

సంగతి ఇది. నువ్వు కాపురముంటున్న దేశపు యుద్ధనౌక ఒకటి మరమ్మతుకి మీ అన్నయ్య యార్డుకి వచ్చింది. త్వరగా కావాలని పైనుంచి ఒకటే ఒత్తిడి. గాలి ఆడని ట్యాంకులోకి ఇద్దరు వెల్డర్లని దింపారు. ఇద్దరూ బతికి పైకి రాలేదు. మీ అన్నయ్య సంగతి నీకు తెలుసు, కూరలో ఉప్పు తక్కువైనా నోరెత్తని మనిషి. ఆ రోజు మాత్రం హెల్మెట్ తీసి నేల మీద పెట్టి, "లోపలికి గాలి పెట్టేదాకా నేను దిగను" అన్నారట. ఆయన వెనక యార్డంతా హెల్మెట్లు కింద పెట్టేసింది. మర్నాడు పొద్దున డ్యూటీకి వెళ్తుంటే గేటు దగ్గరే జీపు ఎక్కించారు.

ఏ ఆఫీసుకి వెళ్ళినా అలాంటి మనిషిని మేం తేలేదంటారు. ఒకడైతే, "ఇంకెవరితోనైనా వెళ్ళిపోయాడేమో చూసుకోవమ్మా" అని నవ్వాడు. ఈ వయసులో ఆ మాట పడి, తల దించుకుని వచ్చేశాను.

కానీ దేవుడు ఒక దారి చూపించాడు. పాత ధాన్యం గిడ్డంగిని ఇప్పుడు జైలు చేశారు. శుక్రవారం నాడు దాని వెనక గేటు దగ్గరికి ఉతికిన బట్టల సంచి తీసుకెళ్తే కాపలా అతను లోపలికి తీసుకుంటాడు. మాసిన బట్టల సంచి బయటికిస్తాడు. మాట ఉండదు, సంతకం ఉండదు. మాసిన బట్టలు వచ్చాయంటే మనిషి ఉన్నట్టు. అక్కడ నాలాంటి ఆడవాళ్ళు చాలామందే నిలబడతారు. ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

నిన్న ఆయన బట్టలు వచ్చాయి. నువ్వు పోయినేడు కుట్టి పంపిన నీలం ప్యాంటు, తెల్ల చొక్కా. తలుపేసుకుని ఆ చొక్కాని మొహానికి ఆనించుకున్నాను. చెమట, కాలిన ఇనుము వాసన. ఆయనే. ఆ ప్యాంటు తొడుక్కున్న రోజు అద్దంలో చూసుకుని ఏమన్నారో నీకు రాశానా? "నా చెల్లెలు మళ్ళీ గుడ్డ కొట్టేసింది. నా చీలమండలకి చలి వేస్తుందని దానికి ఎప్పుడు తెలుస్తుందో" అన్నారు. నువ్వు ఆయన్ని కొంగ అని పిలిచేది ఊరికే కాదు, ఆ పొడుగు మనిషికి ఎంత గుడ్డయినా చాలదు.

చిట్టీ, ఒక మాట అడుగుతాను. మా దేశాన్నేలే పెద్దాయనకి తుపాకులు, డబ్బు, గోధుమలు అన్నీ మీ దేశమే ఇస్తోందని ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఎందుకిస్తోంది? ఇక్కడి సంగతి వాళ్ళకి తెలియదేమో. తెలిస్తే ఇస్తారా? నీ షాపుకి పెద్ద ఆఫీసర్లు వస్తారని రాశావు. ఎవరినైనా నెమ్మదిగా అడిగి చూడు.

మరో విషయం. పెద్దాయన ఫోటో ప్రతి ఇంట్లో అన్ని పటాలకంటే ఎత్తులో ఉండాలని కొత్త రూలు పెట్టారు. దేవుణ్ణి ఆయన కాళ్ళ దగ్గర పెట్టడానికి నాకు చేతులు రాలేదు. దేవుడి పటాన్ని ఎదురు గోడకి మార్చాను. ఇప్పుడు ప్రార్థనకి కూర్చుంటే నా వీపు పెద్దాయన వైపు ఉంటుంది. ఎదురింటి టీచరమ్మ గుమ్మంలోంచి అది చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఏదో ఒకటి అని ఉంటే నాకు భయం ఉండేది కాదు.

మీ వదిన

మార్చి 2

వదినకి, నీ ఆడపడుచు నమస్కారాలు.

నువ్వు కూర్చోమన్నావు గానీ నేను షాపులో నిలబడే చదివాను. తర్వాత బట్టలు వేసుకుని చూసుకునే గదిలోకి వెళ్ళి తెర లాక్కుని ఏడ్చాను. తెర బయట ఒకావిడ గౌను పట్టుకుని దగ్గుతూనే ఉంది. దగ్గనీ అనుకున్నాను.

అన్నయ్య హెల్మెట్ కింద పెట్టాడా! చిన్నప్పుడు బల్లిని చూసి మంచం ఎక్కినవాడు. వదినా, నాకు గర్వంగానూ ఉంది, ఎదురుగా ఉంటే నాలుగు తిట్టాలనీ ఉంది.

నువ్వు అడగమన్నది అడిగాను. విదేశాంగ శాఖలో పనిచేసే ఆఫీసరు ఒకాయన ఉన్నాడు, ఎప్పుడూ బూడిదరంగు కోటు వేస్తాడని మేం బూడిద కోటాయన అంటాం. ఏడాదికోసారి ప్యాంటు నడుము వదులు చేయించుకోడానికి వస్తాడు. ప్రతిసారీ గుడ్డ ముడుచుకుపోయిందంటాడు. మొన్న కూడా అదే అన్నాడు. నేను కింద కూర్చుని గుండుసూదులు పెడుతూ అడిగేశాను.

"అయ్యా, మా పుట్టింటి దేశంలో ఆ పెద్దాయన్ని మీరెందుకు మోస్తున్నారు?"

"మోయడం లేదమ్మా, ఆనుకుంటున్నాం" అన్నాడు. "మీ రేవు లోతెంతో తెలుసా నీకు? ఆ తీరం మొత్తంలో మా పెద్ద ఓడలు గట్టుకి ఆనగలిగేది అక్కడొక్కచోటే. మేం ఇవాళ లేచి వస్తే, రేపు మాకు గిట్టనివాళ్ళు వచ్చి కూర్చుంటారు."

"మరి మనుషుల్ని ఎత్తుకుపోతున్నాడు కదా?"

"అతను మంచివాడని నేనన్నానా? ఫోన్ చేస్తే ఎత్తుతాడు, అదీ అతని గొప్ప. అతని తర్వాత వచ్చేవాడు ఎత్తుతాడో లేదో ఎవరికి తెలుసు? ఇదిగో, నెమ్మది, గుచ్చుకుంటోంది."

గుచ్చుకున్న మాట నిజమే. కావాలనే గుచ్చానో, చూసుకోక గుచ్చానో నాకే తెలియదు. ఆయన కిందికి చూసి, నా మొహం చూసి, గొంతు తగ్గించాడు. "మీవాళ్ళెవరైనా లోపల ఉన్నారా?" అన్నాడు. మంచి మనిషే వదినా. పేరు, ఆధారం ఇస్తే కాగితం కదిలిస్తానన్నాడు.

అన్నీ చెప్పాను. అన్నయ్య పేరు, యార్డు, గిడ్డంగి, వెనక గేటు, శుక్రవారం, సంచి. మాసిన బట్టలు వస్తున్నాయంటే మనిషి లోపల ఉన్నట్టే కదా అన్నాను. "ఇది గట్టి ఆధారమే" అని ఆయన రాసుకున్నాడు. నువ్వన్నట్టే, వాళ్ళకి తెలియక ఇస్తున్నారు. ఇప్పుడు తెలిసింది.

నిశ్చింతగా నిద్రపో. మా ఆయన కూడా ఇక ఫరవాలేదన్నాడు.

నీ చిట్టి

మార్చి 5

చిట్టికి, వదిన దీవెనలు.

ఓడ వంటాయన ఇంకా రాలేదు. నీ జవాబు ఆయన దగ్గరే ఉండి ఉంటుంది. ఈలోగా ఇంకో ఓడలో పనిచేసే ఆయన స్నేహితుడు దొరికాడు, అతని చేత ఇది పంపుతున్నాను.

మొన్న శుక్రవారం నీలం ప్యాంటు, తెల్ల చొక్కా ఉతికి ఇస్తుంటే గేటు దగ్గరి కాపలా అతను మొదటిసారి మాట్లాడాడు. వయసు మళ్ళినవాడు. నా వైపు చూడకుండా, తాళంచెవులు సర్దుకుంటూ అన్నాడు. "అమ్మా, ఇక్కడ బట్టలు తీసుకుంటున్నామని ఎవరికీ చెప్పకండి. కాగితాల ప్రకారం లోపల ఎవరూ లేరు. పైవాళ్ళకి తెలిసిందంటే మీకు ఈ సంచీ ఉండదు, నాకు ఈ ఉద్యోగమూ ఉండదు."

అప్పటికే నీకు రాసేశానే అని దారంతా అనుకుంటూ వచ్చాను. రాసింది నీకే కదా, నువ్వెవరితో అంటావులే అని సర్దిచెప్పుకున్నాను. ఎవరినైనా అడిగితే వాళ్ళ దేశం సంగతి అడుగు. మనింటి సంగతి మాత్రం పొక్కనివ్వకు. గిడ్డంగి అనకు. సంచి అనకు.

రోజూ ఆయన పేరుతో పాటు ఆ కాపలా అతన్ని కూడా తలుచుకుని దండం పెట్టుకుంటున్నాను.

మీ వదిన

మార్చి 26

వదినా,

నీ అయిదో తారీకు ఉత్తరం ఇవాళ అందింది. నా ఉత్తరం నీకు అందకుండా ఆ ఓడ మునిగిపోయినా బాగుండేది అనుకున్నాను. పాపిష్టి ఆలోచన, వంటాయన అందులోనే ఉన్నాడు.

షాపుకి తాళం వేసి, మెడలో టేపు మెడలోనే ఉండగా బూడిద కోటాయన ఆఫీసుకి పరుగెత్తాను. లోపలికి రానివ్వలేదు. గుమ్మం దగ్గర అడ్డం నిలబడితే ఆయనే కిందికి దిగి వచ్చాడు.

"ఆ కాగితం చింపేయండి అయ్యా" అన్నాను.

"అది వెళ్ళిపోయిందమ్మా. జవాబు కూడా వచ్చింది."

"ఎక్కడికి వెళ్ళింది?"

"మీ ప్రభుత్వానికి. ఫిర్యాదు వస్తే వాళ్ళ వివరణ అడుగుతాం. అదీ పద్ధతి."

"ఎవరి మీద ఫిర్యాదో వాళ్ళ చేతికే ఇచ్చారా?"

"మరెవరిని అడుగుతాం? మిత్రదేశం కదా."

జవాబేమిటో చెప్పించుకున్నాను. ఆ పేరు గల మనిషి వాళ్ళ దగ్గర లేడట. ఆ గిడ్డంగిలో ధాన్యం తప్ప ఏమీ లేదట. మీరు నమ్మారా అంటే, "నమ్మడం నా పని కాదు. ఫైల్లో జవాబు ఉండాలి, ఉంది" అన్నాడు. "అసలు అక్కడ ఏం జరుగుతోందో మీకు తెలుసా?" అన్నాను. నా మెడలో టేపు వైపు చూస్తూ, "నీకంటే ఎక్కువే తెలుసమ్మా" అన్నాడు.

వాళ్ళకి తెలియదేమో అని రాశావు కదా వదినా. తెలుసు. అన్నీ తెలిసే ఆ రేవు గట్టు పట్టుకుని కూర్చున్నారు.

నాకు ఒకటే భయం. లేడని రాసిచ్చినవాళ్ళు ఆ మాట నిజం చేసుకోడానికి ఎంతసేపు పడుతుంది? నిన్న ఒకాయన కోటు చెయ్యి తిరగేసి కుట్టాను.

నన్ను తిట్టు వదినా. తిట్టకపోతే బతకలేను.

చిట్టి

ఏప్రిల్ 9

చిట్టికి, వదిన దీవెనలు.

నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి అందాయి. తిట్టమన్నావు. నాకు తిట్లు రావు, మీ అన్నయ్య అందుకే నన్ను చేసుకున్నారు. బట్టల సంగతి నీకు రాసింది నేను. చెప్పకు అని రాయడం మర్చిపోయింది నేను. మీ అన్నయ్య కోసం పరుగెత్తినదానివి నువ్వు. ఇక ఆ లెక్క వదిలెయ్యి.

గేటు మూసేశారు. మూడు శుక్రవారాలయింది. ముసలి కాపలా అతను లేడు, ఏమయ్యాడో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. అతని చోట మీసాలు సరిగా రాని కుర్రవాడు తుపాకీతో నిలబడ్డాడు. నేను సంచి చాపితే, "ఇక్కడ ధాన్యం తప్ప ఏం లేదు. ధాన్యానికి చొక్కాలెందుకు?" అన్నాడు. అందరి సంచులూ అలాగే వెనక్కి పంపాడు. ఒక పెద్దావిడ సంచిని నెత్తిన పెట్టుకుని అక్కడే కూర్చుంది. ఎంత పిలిచినా లేవలేదు. నా మూలంగానమ్మా అని ఆమె కాళ్ళు పట్టుకోవాలనిపించింది. కానీ ఆ మాట బయటికి అనగలనా? చివరికి ఆమెని లేపి, సంచి నేను మోసుకుని ఇల్లు చేర్చి వచ్చాను, అంతే.

నిన్న చీకటి పడేవేళ టీచరమ్మ వచ్చింది. చెయ్యి కడుక్కునే వంకతో వంటగదిలోకి వచ్చి, నీళ్ళ చప్పుడులో అంది. "ప్రార్థన చేసుకునేటప్పుడు తలుపు వేసుకోండి. మీరు ఏ గోడ వైపు తిరిగి కూర్చుంటారని ఎవరో వచ్చి నన్ను అడిగారు. నేను చూడలేదన్నాను." ఇన్నాళ్ళూ ఆవిడే నన్ను పట్టిస్తుందని భయపడ్డాను. ఇప్పుడు అడిగినవాళ్ళు ఎవరా అని భయపడుతున్నాను.

రాత్రిళ్ళు వీధిలో బండి ఆగితే మంచం మీద లేచి కూర్చుంటాను. అది కదిలి వెళ్ళాక పక్కింటి కోసం భయపడతాను.

నువ్వు ఇంకేమీ చెయ్యకు చిట్టీ. ఎవరినీ అడగకు.

మీ వదిన

ఏప్రిల్ 30

వదినకి,

నీ మాట వినలేదు. ముందే చెబుతున్నాను.

బూడిద కోటాయన వచ్చాడు. వాళ్ళ మంత్రి పెద్ద ఓడలో మీ రేవుకి వస్తున్నాడట, రేవుని ఇంకా చాలా ఏళ్ళు వీళ్ళకే ఉంచే ఒప్పందం మీద సంతకాలు పెట్టడానికి. వెంట ఈయన కూడా వస్తున్నాడు. విందుకి నల్ల సూటు కుట్టాలట. గుడ్డ నా బల్ల మీద పెట్టాడు. కత్తెరతో దాన్ని గుడ్డపీలికలు చెయ్యాలనిపించింది.

"కుడతాను. కానీ నాకొకటి కావాలి" అన్నాను.

"బేరమా?" అన్నాడు.

"బేరమే. మీ మంత్రిగారు మా పెద్దాయనతో ఆడబోయేదీ అదేగా. మీకు గట్టు కావాలి, నాకు మా అన్నయ్య కావాలి."

ఆయనకి కోపం రాలేదు. అది చూసి నాకు ఇంకా భయమేసింది. "మనిషిని తెమ్మంటే నా వల్ల కాదు. ఒక్క మనిషి కోసం ఆ ఒప్పందాన్ని ఎవరూ కదిలించరు, నేను కూడా కదిలించను. విందులో నోటిమాటగా ఒకసారి అడుగుతాను. కాగితం ఉండదు" అన్నాడు.

కుట్టాను వదినా. మంచిగానే కుట్టాను, వంకర కుడితే మాట తప్పుతాడేమో అని. నేను కుట్టిన కోటు వేసుకుని వాళ్ళతో చెయ్యి కలుపుతాడు. నువ్వు వీధిలో ఆ కోటు చూస్తే నా వైపు నుంచి కూడా ఒకసారి మొహం తిప్పుకో.

చిట్టి

మే 23

చిట్టికి, వదిన దీవెనలు.

మంత్రి వచ్చి వెళ్ళాడు. వారం ముందు నుంచీ మా వీధి గోడలకి సున్నం కొట్టారు, ఎదురుగా కనిపించే గోడలకే. మా చేతికి రెండు జెండాలిచ్చి నిలబెట్టారు. నల్ల కోట్లు చాలా వెళ్ళాయి, నీది ఏదో పోల్చుకోలేకపోయాను. యార్డులో గాలి పెట్టే యంత్రం ఒకటి తెచ్చి వాళ్ళకి చూపించారట. ఓడ వెళ్ళాక అది కూడా వెళ్ళిపోయింది.

ఆ మర్నాడు ఒక ఆఫీసరు మా ఇంటికే వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. "మీ ఆయన బట్టలు తెచ్చుకోవచ్చు. మీకు అక్కడ పెద్ద చుట్టాలే ఉన్నారే" అన్నాడు. పొగడ్తలా అన్నాడు.

శుక్రవారం వెళ్ళాను. నా ఒక్కదాని సంచే తీసుకున్నారు. మిగతా ఆడవాళ్ళు నా వైపు చూశారు. అందులో ఆ పెద్దావిడ కూడా ఉంది. లోపలి నుంచి మాసిన బట్టలు వచ్చాయి. మార్చిలో ఇచ్చిన నీలం ప్యాంటు, తెల్ల చొక్కా.

నువ్వు దర్జీవి చిట్టీ, నీకు విడమరిచి చెప్పక్కర్లేదు. ప్యాంటు అంచు నాలుగు వేళ్ళ వెడల్పున పైకి మడిచి ఉంది. అప్పటికప్పుడు మడిచింది కాదు, ఆ మడత లోపల మట్టి ఉంది, గీత పడింది. రోజూ మడుచుకుని తొడుక్కున్నారు. మడిచినా మడమ దగ్గర తొక్కి అంచు చిరిగింది. చొక్కా చేతులు కూడా మణికట్టు దగ్గర మడిచి ఉన్నాయి. చీలమండలు దాటని ప్యాంటుని మడుచుకునే అవసరం మీ అన్నయ్యకి ఎప్పుడొచ్చింది? చొక్కాని మొహానికి ఆనించుకున్నాను. చెమట ఉంది. మనిషి చెమటే. కాలిన ఇనుము వాసన మాత్రం లేదు.

లోపల చలికి వణికేవాణ్ణి చూసి ఆయనే తనవి ఇచ్చేసి ఉండొచ్చు. అలాంటి మనిషే. రెండో సంగతి నేను రాయను, నువ్వూ నాకు రాయకు.

బూడిద కోటాయన నీ దగ్గరికి వచ్చి మీ అన్నయ్య బాగున్నాడనీ, బట్టలు కూడా అందుతున్నాయనీ చెబుతాడు. ఆయన అది నమ్మే చెబుతాడో, ఫైల్లో ఉందని చెబుతాడో నాకు తెలియదు. నువ్వు సంతోషపడినట్టే ఉండు. ఈ బట్టలు ఆయనవి కావు అని మనం అన్నామా, మళ్ళీ కాగితం వస్తుంది, మళ్ళీ జవాబు వెళ్తుంది, ఆ జవాబు నిజం కావడానికి లోపల ఈ బట్టలు తొడుక్కుంటున్న పొట్టాయనకి ఏమవుతుందో. ఆయన పేరు నాకు తెలియదు. ఆయన కోసం గేటు దగ్గర నిలబడేది ఎవరో కూడా తెలియదు. బహుశా నా వైపు చూసినవాళ్ళలో ఒకరు.

రెండు రోజులు ఆ బట్టలు ఉతకలేకపోయాను. ప్రార్థనకీ కూర్చోలేదు. మూడో రోజు తలుపు వేసుకుని, నా వీపు పెద్దాయన వైపు ఉండగానే, దేవుణ్ణి ఇద్దరి కోసం అడిగాను. అప్పుడు లేచి ఉతికాను. మడత విప్పి మట్టి దులిపాను. చిరిగిన అంచు కత్తిరించి, నాలుగు వేళ్ళు లోపలికి మడిచి కుట్టాను. నీ అంత చక్కగా రాలేదు. మొన్న శుక్రవారం సంచిలో పెట్టి ఇచ్చి వచ్చాను.

ఆ పొట్టాయన ఎవరో, నడిచేటప్పుడు కాళ్ళకి అడ్డం పడదు. ఒకవేళ మీ అన్నయ్యే ఉండి, అది ఆయన చేతికే వస్తే, పిక్కల దగ్గరే ఆగిపోతుంది. నన్ను ఏమీ అనరు. చిట్టి మళ్ళీ గుడ్డ కొట్టేసిందనుకుంటారు.

మీ వదిన